సాకెట్‌కు పెట్టిన పరీక్షలు

భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దుర్గ్ నుంచి విశాఖపట్నం వెళ్లే రైలు దారి బాగా తెలిసినదే. రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం అంటూ స్టేషన్ల పేర్లు వరుసగా చెప్పగలిగినవారు ఆ ఊళ్లో ఎందరో ఉన్నారు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఆ కర్మాగారం నలుమూలల నుంచి మనుషులను రప్పించుకుంది. బదులుగా దేశానికి పట్టాలు ఇచ్చింది. 130 మీటర్ల పొడవున పట్టాను తీసి, రెండింటిని అతికి, 260 మీటర్ల ప్యానెల్‌గా రైల్వేలకు పంపే స్థాయికి ఇప్పుడు చేరింది.

పట్టా కర్మాగారం దాటి బయటకు రావాలంటే పరీక్షలు నెగ్గాలి. ఉక్కులో కర్బనం ఎంత, మాంగనీసు ఎంత అని రసాయన పరీక్ష అడుగుతుంది. ఎంత లాగితే తెగుతుందని ఇంకొకటి అడుగుతుంది. ఎత్తు నుంచి బరువును పడవేసి, ఆ దెబ్బకు తట్టుకుంటుందా అని చూసేది మరొకటి. కంటికి కనిపించని లోపలి పగుళ్లను అతిధ్వని తరంగాలతో వెతుకుతారు. ఇందులో ఒక పరీక్ష నెగ్గిన పట్టా మరొకదానిలో తప్పవచ్చు. ఎందుకంటే ప్రతి పరీక్షా తనకు అప్పగించిన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

ఇప్పుడు అదే రైలుకు టికెట్టు ఫోనులో కొంటున్నాం. వేలు తాకించగానే ఒక సందేశం బయలుదేరి, రిజర్వేషన్ కంప్యూటరును చేరి, జవాబుతో తిరిగి వస్తుంది. ఆ సందేశం నడిచే దారి కూడా పరీక్షించినదే. అయితే దానిని ఎవరు పరీక్షించారు? ఎలా పరీక్షించారు? ఏ ప్రశ్న అడగడం మరిచారు? ఈ ప్రసంగంలో మనం తెలుసుకోబోయే చరిత్ర ఇదే.

ముందుగా రెండు మాటల అర్థం చూద్దాం. కంప్యూటరులో యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి, అందరికీ పనులు పంచిపెట్టే కేంద్రభాగాన్ని కెర్నెల్ అంటారు. లైనక్స్ అయినా, విండోస్ అయినా దాని నడిబొడ్డున ఉండేది కెర్నెలే. ఏ ప్రోగ్రామూ నెట్‌వర్కు తీగను నేరుగా తాకదు. అది కెర్నెల్ దగ్గరకు వెళ్లి ఒక కిటికీ అడుగుతుంది. ఆ కిటికీ పేరు సాకెట్. పోస్టాఫీసు కిటికీలో ఉత్తరం ఇచ్చి మన దారిన మనం వచ్చేస్తాం. సంచిలో వేయడం, బండి ఎక్కించడం, పోతే మళ్లీ వెతకడం వారి పని. సాకెట్ దగ్గర కూడా అంతే. టీసీపీ పద్ధతిలో తెరిచిన సాకెట్ ప్రోగ్రాముకు ఒక మాట ఇస్తుంది: నువ్వు ఇచ్చిన అక్షరాలు అదే వరుసలో, ఒక్కటి తగ్గకుండా, ఏదీ రెండుసార్లు పడకుండా అవతలికి చేరుతాయి, చేర్చలేకపోతే ఆ సంగతి నీకు చెబుతాను. కింద నెట్‌వర్కు మాత్రం అలాంటి మాట ఏదీ ఇవ్వదు. ప్యాకెట్లు పోతుంటాయి, ఆలస్యమవుతాయి, వరుస తప్పుతాయి. నమ్మకం లేని దారి మీద నమ్మదగిన సేవను కట్టడమే కెర్నెల్ చేసే గొప్ప పని. అందులో లోపం ఉంటే అది కెర్నెల్ పేరుతో బయటపడదు. టికెట్టు రాలేదనో, బ్యాంకు పేజీ తెరుచుకోలేదనో మనం ఆ ప్రోగ్రామునే తిట్టుకుంటాం.

సాకెట్ అన్న కిటికీ ఈ రూపంలో ప్రజల చేతికి వచ్చింది 1983 ఆగస్టులో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ కేంద్రం నుంచి వెలువడిన 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో అది ఉంది. అదే ఏడాది జనవరి 1న అమెరికా రక్షణశాఖ నెట్‌వర్కు అయిన ఆర్పానెట్ తన పాత పద్ధతిని వదలి టీసీపీకి మారింది. కాబట్టి టీసీపీతో సహా సిద్ధంగా దొరికే యూనిక్స్‌కు గిరాకీ విపరీతం. 18 నెలల్లో 1000కి పైగా సంస్థలు లైసెన్సులు తీసుకున్నాయి. సాకెట్ తెరవడం, దానికి చిరునామా కట్టడం, వచ్చేవారి కోసం వినడం, వచ్చినవారిని స్వీకరించడం, అవతలివారిని కలవడం అనే ఆనాటి పిలుపులు దాదాపు అవే పేర్లతో నేటికీ నడుస్తున్నాయి. నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరని ఇలాంటి ఏర్పాట్లు కంప్యూటరు రంగంలో వేళ్ల మీద లెక్కించవచ్చు.

ఆ కిటికీ వెనుక ఉన్న టీసీపీ ఎవరిది అన్న దగ్గర పేచీ వచ్చింది. బీబీఎన్ అనే సంస్థలో రాబ్ గుర్విట్జ్ రాసిన తొలి టీసీపీని బర్క్‌లీలో బిల్ జాయ్ తీసుకుని, వేగం కోసం బాగా మార్చివేశాడు. 4.2 బీఎస్‌డీలో వెళ్లింది ఆ మార్చినదే. ఈలోగా బీబీఎన్ వారు తమదానిని మెరుగుపరుచుకుని, వచ్చే విడుదలలో ఇదే ఉండాలని పట్టుబట్టారు. బర్క్‌లీ వారు ఒప్పుకోలేదు. డబ్బు ఇచ్చేది రక్షణశాఖ పరిశోధన సంస్థ కనుక తీర్పు దానిదే. రెండింటినీ విడుదలలో ఉంచి, ఏది కావాలో వాడేవారినే ఎంచుకోనిద్దామని మైక్ కారెల్స్ రాజీ సూచించినా ఆ సంస్థ ఒప్పుకోలేదు. చివరకు అదే తేల్చింది: రెండింటినీ మూడో మనిషికి ఇద్దాం, అతను పరీక్షించి చెప్పనీ.

ఆ మూడో మనిషి అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయంలో పనిచేసే మైక్ మ్యూస్. ఈ పేరు తెలియనివారు కూడా ఆయన చేసిన పనిముట్టును వాడి ఉంటారు. నెట్‌వర్కులో అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్ ఆయన 1983 డిసెంబరులో రాసినదే. ఒక చిన్న ప్యాకెట్టు పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పే పింగ్ కన్నా సరళమైన నెట్‌వర్కు పరీక్ష నాకు తెలిసి లేదు. అలాంటివాడి చేతికి ఈ తగాదా వెళ్లింది.

మ్యూస్ ఒక నెలపాటు పరీక్షించి తేల్చినదానిని బర్క్‌లీ బృందంలోని కిర్క్ మెక్‌క్యూసిక్ తరువాతి కాలంలో గ్రంథస్థం చేశాడు. బర్క్‌లీది ఎక్కువ చురుకు. బీబీఎన్‌ది నెట్‌వర్కు కిక్కిరిసినప్పుడు మెరుగ్గా నడుచుకుంటుంది. మరి నెగ్గింది ఏది? బర్క్‌లీది పరీక్షలన్నింటినీ పడిపోకుండా పూర్తిచేసింది. బీబీఎన్‌ది కొన్ని కఠిన పరిస్థితుల్లో కెర్నెల్‌ను మొత్తంగా కూల్చివేసింది. యంత్రాన్ని కూల్చేదానిని ఎవరు తీసుకుంటారు? 1986 జూన్‌లో వెలువడిన 4.3 బీఎస్‌డీలో బర్క్‌లీ టీసీపీయే ఉంది.

తీర్పు సమంజసమైనదే. కాని ఆ నివేదికలో మిగిలిన ఒక వాక్యం, కిక్కిరిసినప్పుడు బీబీఎన్‌ది మెరుగు అన్నది, పక్కన పడిపోయింది.

నాలుగు నెలలు తిరగలేదు. 1986 అక్టోబరులో ఇంటర్నెట్ మొదటిసారి కుప్పకూలింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు, అంటే సుమారు 365 మీటర్లు. భిలాయ్ పట్టా ప్యానెల్ లెక్కన చూస్తే ఒకటిన్నర ప్యానెల్ పొడవు కూడా కాదు. ఆ కాస్త దూరంలో సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అంటే 800వ వంతు. సెకనుకు అయిదు రోమన్ అక్షరాలు. చేత్తో రాసుకుని నడిచివెళ్లి ఇచ్చి రావడం నయం.

ఏమి జరిగింది? మధ్యలో ఉన్న యంత్రాల దగ్గర వరుస నిండిపోయి ప్యాకెట్లు జారిపోయాయి. పంపినవారికి రసీదు రాలేదు కనుక మళ్లీ పంపారు. దానితో వరుస ఇంకా నిండింది, ఇంకా జారిపోయాయి, ఇంకా పంపారు. సంతలో ద్వారం దగ్గర తొక్కిడి మొదలైతే వెనుకవారు మరింత నెట్టినట్టు. ఎవరి మాట వారు నిలబెట్టుకుంటూనే ఉన్నారు, పోయిన ప్యాకెట్టును మళ్లీ పంపడమే కదా ఇచ్చిన మాట. అందరూ ఒకేసారి మాట నిలబెట్టుకోబోవడమే అనర్థమైంది.

ఆ ప్రయోగశాలలోనే పనిచేసే వాన్ జేకబ్సన్ దీనిని పట్టుకున్నాడు. తీగ మీద పోయే ప్యాకెట్లను ఒక్కొక్కటిగా నమోదు చేసి, ఏ క్షణాన ఏది వెళ్లిందో గీతలు గీసి చూశాడు. మైక్ కారెల్స్‌తో కలిసి 1988లో వెలువరించిన పత్రంలో నెమ్మదిగా మొదలుపెట్టడం, రాకపోకల కాలాన్ని సరిగా అంచనా కట్టడం, ప్యాకెట్టు పోతే దానిని రద్దీకి గుర్తుగా తీసుకుని వేగం తగ్గించడం అనే మార్పులు ఉన్నాయి. నేటి ఇంటర్నెట్ నిలబడింది ఆ మార్పుల మీదే. ఈ కథలో ఎక్కువమంది జేకబ్సన్ తెలివిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం మ్యూస్ నివేదికే ఎక్కువ ఆసక్తికరం. జబ్బు లక్షణం ముందే కనిపించింది, కాగితం మీదకూ ఎక్కింది. అయితే అప్పుడు తేల్చవలసిన ప్రశ్న రెండింటిలో ఏది ఉంచాలన్నది కనుక, ఆ లక్షణం జవాబులో భాగం కాలేదు.

1990లలో మరో చిక్కు తెలిసివచ్చింది. టీసీపీ ఎలా ఉండాలో అప్పట్లో 1981 నాటి ప్రమాణపత్రం చెప్పేది. దానిని చదివి ఎవరి కెర్నెల్ వారు రాసుకున్నారు. మరి అందరూ ఒకేలా రాశారా? వెర్న్ పాక్సన్ 1997లో ప్యాకెట్ల నమోదులను యంత్రం చేత చదివించి, రకరకాల కెర్నెళ్లు ఎక్కడెక్కడ దారి తప్పుతున్నాయో బయటపెట్టాడు. 1999 మార్చిలో అలాంటి తప్పులను గుదిగుచ్చి ఒక అధికారిక పత్రమే వెలువడింది. కొన్ని తేడాలు తప్పులు కూడా కావు, కావాలని చేసుకున్నవి. ఉదాహరణకు, సంభాషణను ముందుగా ముగించిన పక్షం కొంతసేపు ఆ చిరునామాను ఖాళీ చేయకుండా కనిపెట్టుకుని ఉండాలి. దారిలో చిక్కుకున్న పాత ప్యాకెట్టు ఆలస్యంగా వచ్చి కొత్త సంభాషణలో దూరకుండా ఇది జాగ్రత్త. 1981 పత్రం ప్రకారం ఆ గడువు 4 నిమిషాలు. లైనక్స్ కెర్నెల్‌లో 60 సెకన్లు. పత్రం చదివి ప్రోగ్రాము రాసేవాడికి ఈ తేడా తెలియదు. పరీక్షించినవాడికి తెలుస్తుంది.

లైనక్స్ వచ్చాక పరీక్షల స్వరూపం మారింది. అంతవరకు ప్రతి కంపెనీ తన కెర్నెల్‌ను తలుపులు మూసుకుని పరీక్షించుకునేది. అందరిదీ అయిన కెర్నెల్‌కు పరీక్షలు కూడా అందరివీ కావాలి కదా. 2000లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ లైనక్స్ టెస్ట్ ప్రాజెక్టు పేరిట ఒక పరీక్షల సంపుటిని బయటపెట్టింది. తరువాత ఐబీఎం వంటి సంస్థలు దానిని పెంచాయి.

ఆ కాలంలోనే ఎస్‌సీటీపీ అనే కొత్త రవాణా పద్ధతి 2000 అక్టోబరులో ప్రమాణంగా వెలువడింది. టెలిఫోను ఎక్స్ఛేంజీలు తమలో తాము మాట్లాడుకునే సంకేతాల కోసం పుట్టినది అది. ఒకే సంబంధంలో అనేక ధారలు నడపడం, ఒక దారి తెగితే మరొక దారికి మారడం దాని ప్రత్యేకతలు. లైనక్స్ కెర్నెల్‌లో దానిని నిర్మించిన బృందంలో ఐబీఎంలో పనిచేసిన శ్రీధర్ సముద్రాల ఒకరు. కెర్నెల్‌తో పాటు పంచే బాధ్యుల పట్టికలో ఎస్‌సీటీపీ కింద వ్లాడ్ యాసెవిచ్ పేరుతో పాటు ఆయన పేరు చాలాకాలం ఉంది. సముద్రాల అన్న ఇంటిపేరు వినగానే మనకు సినిమా పాటల రాఘవాచార్యులు గుర్తుకు వస్తారు. కెర్నెల్ రాసేవారికి మాత్రం సాకెట్ గుర్తుకు వచ్చేది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎస్‌సీటీపీ సాకెట్ ఎలా నడుచుకోవాలో చెప్పే పత్రం 2011 డిసెంబరులో గాని ఖరారు కాలేదు. కెర్నెల్‌లోకి ఎస్‌సీటీపీ వచ్చినది 2002లో. నడుమ ఉన్న తొమ్మిదేళ్లూ దానిమీద ప్రోగ్రాములు రాసేవారికి ముసాయిదాలే ఆధారం. ఆ ముసాయిదాల సారాన్ని యంత్రం అమలు చేయగల రూపంలో ఉంచినవి పరీక్షలే. ఒక్కో పిలుపుకు ఒక్కో పరీక్ష. సరైన చిరునామా ఇస్తే చిరునామా కట్టాలి. లేని సాకెట్ సంఖ్య ఇస్తే ఫలానా తప్పు చెప్పాలి. మూసిన సాకెట్ మీద వినమంటే ఒప్పుకోకూడదు. చూడటానికి పసిపిల్లల ప్రశ్నల్లా ఉంటాయి. కాని టీసీపీ మీద నడిచే పాత ప్రోగ్రామును కొద్ది మార్పుతో ఎస్‌సీటీపీ మీద నడపాలంటే, తప్పు ఇచ్చినప్పుడు కూడా రెండూ ఒకేలా పలకాలి. ఆ పరీక్షలు లైనక్స్ టెస్ట్ ప్రాజెక్టులోకి కూడా చేరాయి. తరువాత నాలుగో తరం మొబైల్ ఫోన్లు వచ్చినప్పుడు, టవరుకూ కంపెనీ కేంద్ర యంత్రాలకూ మధ్య సంకేతాలు నడిపేందుకు ఎంచుకున్నది ఎస్‌సీటీపీనే. భిలాయ్‌లో మీ ఫోను టవరును పట్టుకున్నప్పుడల్లా తెర వెనుక అది పనిచేస్తూ ఉంటుంది.

రెండో కథ గూగుల్‌ది. అక్కడి బృందంలో నందిత దుక్కిపాటి ఒకరు. స్టాన్‌ఫర్డ్‌లో నెట్‌వర్కు రద్దీ నియంత్రణ మీదనే డాక్టరేటు చేశారు. సంభాషణ మొదట్లో ఎన్ని ప్యాకెట్లు ఒక్కసారిగా పంపవచ్చు అన్న లెక్కను పదికి పెంచవచ్చని 2010లో సహచరులతో కలిసి వాదించారు. లైనక్స్ మరుసటి ఏడాదే దానిని స్వీకరించింది, 2013లో ప్రమాణపత్రం వచ్చింది.

ఆ బృందం తలపెట్టిన మరో పనిని కాస్త వివరంగా చూద్దాం. ఒక పేజీ పది ప్యాకెట్లుగా వస్తోందనుకోండి. మూడోది పోతే, నాలుగు, అయిదు, ఆరు చేరగానే అవతలి యంత్రం మూడోది రాలేదని పదే పదే చెబుతుంది. పంపినవాడు వెంటనే గ్రహించి మళ్లీ పంపుతాడు. మరి పదోదే పోతే? దాని వెనుక ఏమీ రాదు కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. పంపినవాడి గడియారం తీరేదాకా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. దీనికి విరుగుడుగా, గడియారం తీరక ముందే తోక ప్యాకెట్టును మరోసారి పంపి కదిలించి చూడటం అనే ఉపాయాన్ని ఆమె, సహచరులు ప్రతిపాదించారు. 2013లో లైనక్స్ 3.10లో అది చేరింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ప్రమాణపత్రం రచయితల్లో ఆమె పేరు ఉంది.

ఇలాంటి మార్పును పరీక్షించడం ఎంత కష్టమో ఆలోచించండి. పదో ప్యాకెట్టే పోవాలి, తొమ్మిదోది పోకూడదు. కెర్నెల్ ఎన్ని మిల్లీసెకన్ల తరువాత స్పందించిందో చూడాలి. నిజమైన నెట్‌వర్కులో ఏ ప్యాకెట్టు పోతుందో మన చేతిలో లేదు. అందుకే నీల్ కార్డ్‌వెల్ ముందుండి, యూచుంగ్ చెంగ్, నందిత దుక్కిపాటి తదితరులు కలిసి ప్యాకెట్‌డ్రిల్ అనే పనిముట్టును తయారుచేసి 2013లో దాని మీద పత్రం వెలువరించారు.

దాని పనితీరు నాటకం ప్రతి వంటిది. ఒక్కో పంక్తికి ఒక్కో సమయం. ఈ క్షణాన ప్రోగ్రాము సాకెట్ తెరుస్తుంది, ఈ క్షణాన బయటి నుంచి ఫలానా ప్యాకెట్టు వస్తుంది, ఇన్ని మిల్లీసెకన్లకు కెర్నెల్ ఫలానా ప్యాకెట్టు పంపి తీరాలి. బయటి ప్రపంచం పాత్రను ప్యాకెట్‌డ్రిలే ధరిస్తుంది. అదే యంత్రంలో ఒక ఉత్తుత్తి నెట్‌వర్కు కార్డును సృష్టించి, దాని గుండా ప్యాకెట్లు అందిస్తుంది. కెర్నెల్‌ను ఒక్క అక్షరం మార్చనక్కరలేదు, అది నిజంగానే దూరదేశంతో మాట్లాడుతున్నానని నమ్ముతుంది. కెర్నెల్ జవాబు అనుకున్న సమయానికి కొద్ది మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే క్షమిస్తుంది, అంతకు మించితే ఏ పంక్తిలో తేడా వచ్చిందో చెప్పి ఆగిపోతుంది. పత్రం వెలువడే నాటికి బృందం దగ్గర 657 పరీక్షలు ఉన్నాయి. లైనక్స్‌లో 10 లోపాలను వాటితో పట్టుకుని సరిచేశారు. తోక ప్యాకెట్టు ఉపాయం సహా మూడు కొత్త సదుపాయాలను ఈ పనిముట్టు తోడుతోనే నిర్మించారు. 2024 నవంబరులో వెలువడిన లైనక్స్ 6.12 నుంచి ప్యాకెట్‌డ్రిల్ పరీక్షలు కెర్నెల్ మూలగ్రంథంలోనే భాగమయ్యాయి. అంటే కెర్నెల్‌ను దించుకున్న ప్రతివారికీ పరీక్షలు కూడా చేతికి వస్తాయి.

ప్రయోగశాల లేదని ఇక చెప్పనక్కరలేదన్నది దీనిలో నాకు నచ్చిన అంశం. మ్యూస్‌కు సైన్యపు యంత్రాలు కావలసి వచ్చాయి, జేకబ్సన్‌కు నిజమైన రద్దీ కావలసి వచ్చింది. ప్యాకెట్‌డ్రిల్‌కు ఒక్క మామూలు కంప్యూటరు చాలు. భిలాయ్‌లో 2016లో ఐఐటీ మొదలైంది, కుటేలాభాటాలోని దాని స్థిర ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు. ఆ ప్రాంగణంలోని విద్యార్థి, ఉక్కు నగరం క్వార్టర్లో పాత కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి ఈ విషయంలో సమానులే.

అయితే ప్యాకెట్‌డ్రిల్ ఒక్క కెర్నెల్‌నే నిలదీస్తుంది. వేల కెర్నెళ్లు ఒకే దారిలో పడి తొక్కుకుంటే ఏమవుతుందో అది చెప్పలేదు. 1986 అక్టోబరు నాటి కుప్పకూలడాన్ని 657 పరీక్షల్లో ఏ ఒక్కటీ ముందుగా చెప్పగలిగేది కాదు. దానికి వేరే పరీక్షలు కావాలి, ఆ పని ఇప్పటికీ ఎక్కువగా నిజమైన నెట్‌వర్కుల మీద కొలిచి చూడటం ద్వారానే సాగుతోంది.

చేసి చూడదలచినవారికి ఒక చిన్న ప్రయోగం. లైనక్స్‌లో ఏదో ఒక పోర్టు దగ్గర వినే చిన్న సర్వర్ ప్రోగ్రాము రాయండి. మరో కిటికీ నుంచి దానిని కలిసి, సంభాషణ నడుస్తుండగా ముందుగా సర్వర్‌నే ఆపివేయండి. వెంటనే తిరిగి నడపండి. చిరునామా వాడుకలో ఉందంటూ కెర్నెల్ నిరాకరిస్తుంది. గడియారం చూస్తూ మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఎన్నో సెకనులో ఒప్పుకుందో రాసుకోండి. తరువాత ప్రోగ్రాములో చిరునామాను తిరిగి వాడుకోనిమ్మనే సాకెట్ ఎంపికను చేర్చి, అదే ప్రయోగాన్ని మొదటి నుంచి చేయండి.